సోరియాసిస్: పొలుసుల వెనుక కథ

నాందేడ్ జిల్లా బిలోలి తాలూకాలో, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉంది కుండల్‌వాడి. తెలుగూ మరాఠీ కలిసి వినిపించే ఈ ఊళ్లో అయినా, హైదరాబాదులో అయినా మోచేతి మీద తెల్లటి పొలుసులు లేవగానే చాలామందికి ముందు వచ్చే అనుమానం గజ్జి, లేదంటే తామర. మందుల దుకాణంలో ఏదో ట్యూబు కొని రాస్తారు. ఇంట్లోవాళ్లు ఆ మనిషి తువ్వాలు, కంచం వేరుపెడతారు.

అవి సోరియాసిస్ పొలుసులైతే అలా వేరుపెట్టాల్సిన పని లేనే లేదు. సోరియాసిస్ అంటురోగం కాదు. మామూలుగా చర్మకణం అడుగున పుట్టి, పైకి చేరి, రాలిపోవడానికి దాదాపు నెల పడుతుంది. ఈ జబ్బులో రోగనిరోధక కణాలు లేని శత్రువుపై యుద్ధం మొదలుపెట్టి చర్మాన్ని తొందరపెడతాయి. నెల పని మూడు నుంచి ఐదు రోజుల్లో అయిపోతుంది. పక్వానికి రాని కణాలే వెండిరంగు పొలుసులుగా పేరుకుంటాయి. ఒక పొలుసును గీకితే కింద సూదిమొనంత రక్తపు చుక్కలు కనిపిస్తాయి. గీరుకున్న చోట కొత్త మచ్చ లేవవచ్చు. గోళ్ల మీద చిన్న చిన్న గుంటలు పడటం, పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుపోవడం కూడా ఈ జబ్బులో భాగం కావచ్చు. కీళ్ల సంగతి తప్పకుండా డాక్టరుకు చెప్పాలి.

దీని వైద్య చరిత్రలో మన తెలుగువాడి చెయ్యి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులను తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు వాడారు. సుబ్బారావు 1948లో కన్నుమూశారు. 1951లో అమినోప్టెరిన్‌నే కీళ్లవాతానికి ఇస్తున్న వైద్యులు సోరియాసిస్ మచ్చలు కూడా తగ్గడం చూశారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ తీవ్రమైన సోరియాసిస్‌కు వాడుకలో ఉంది. ధర తక్కువ.

అయితే ఆ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణులు వాడకూడదు. మద్యం మానాలి. రక్తపరీక్షలు చేయించుకుంటూ ఉండాలి.

ఇంకో ప్రమాదం స్టెరాయిడ్. మాత్రో ఇంజెక్షనో తీసుకుంటే మచ్చలు చటుక్కున మాయమవుతాయి. ఆపగానే కొందరికి ఒళ్లంతా ఎర్రబారి, చీము పొక్కులు లేచి ఆసుపత్రిలో చేరాల్సి వస్తుంది.

మధుమేహంలాగే దీన్నీ అదుపులో ఉంచుకోవచ్చు, శాశ్వతంగా పోగొట్టే మందు మాత్రం ఇంకా రాలేదు. పోగొడతామని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. నాందేడ్‌కో నిజామాబాద్‌కో వెళ్లి చర్మవైద్యుడికి చూపించుకోండి. ఇంట్లో ఆ మనిషి కంచం అందరి కంచాలతోనే పెట్టండి.