డ్రయ్యర్ వేసినా బిల్లు అదుపులో ఉండాలంటే ఎలా?

జూన్ వచ్చిందంటే మెల్‌బోర్న్‌లోని క్లేటన్‌లో మన తెలుగు ఇళ్లన్నిటిలో ఇదే మాట. మొనాష్ యూనివర్సిటీలో చదువుకుంటూ నలుగురైదుగురు కలిసి ఇల్లు తీసుకున్న పిల్లలు అడుగుతారు. మొనాష్ మెడికల్ సెంటర్‌లో షిఫ్టులు చేసేవాళ్లు అడుగుతారు. మనవడిని చూసుకోవడానికి గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన అమ్మమ్మలూ అడుగుతారు. “రెండ్రోజులైనా బట్టలు ఆరడం లేదు, డ్రయ్యర్ వేద్దామంటే బిల్లు చూసి భయం. ఏం చేయాలి?”

డ్రయ్యర్ మానేయమని చెప్పను. చలికాలంలో పసిపిల్లలున్న ఇంట్లో అది కావలసిన వస్తువే. కాకపోతే దాని ఖర్చంతా బట్టల్లో మిగిలిన నీళ్ల లెక్క. లోపలికి ఎన్ని నీళ్లు వెళ్తున్నాయో చూసుకుంటే బిల్లు చాలావరకు మన చేతిలోకి వస్తుంది.

ఎండ కాస్తున్నా బట్టలు ఎందుకు ఆరవు?

మే నెలలో మన ఊళ్లో దండెం మీద వేసిన లుంగీ గంటలో పెళపెళలాడుతుంది. 35 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి దాదాపు 40 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. 14 డిగ్రీల దగ్గర పట్టుకోగలిగేది 12 గ్రాములే. మెల్‌బోర్న్ చలికాలంలో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున ఆ 14 దగ్గరే ఉంటుంది. అందులోనూ సగానికి పైగా తేమ ముందే నిండి ఉంటుంది కాబట్టి మన బట్టల కోసం మిగిలేది ఘనమీటరుకి ఐదారు గ్రాముల చోటు. అందుకే ఇక్కడ ఎండ కన్నా గాలి ముఖ్యం. తడి గాలి పక్కకు జరిగి పొడి గాలి వస్తూ ఉంటే 14 డిగ్రీల్లోనూ బట్టలు ఆరతాయి.

మనవాళ్లు గమనించని సంగతి ఇంకొకటి ఉంది. దక్షిణార్ధగోళం కాబట్టి ఇక్కడ సూర్యుడు ఉత్తరం పక్కగా వెళ్తాడు. జూన్ 21 ప్రాంతంలో క్లేటన్‌లో మిట్టమధ్యాహ్నం కూడా 29 డిగ్రీల ఎత్తు దాటడు. ఇంటికి దక్షిణం వైపున్న బాల్కనీలో, సందులో చలికాలమంతా నీడే. అక్కడ స్టాండు పెట్టి సాయంత్రం దాకా ఎదురుచూసినా లాభం లేదు. ఉత్తరం వైపు జరపండి. ఉదయం పది లోపు వేసి, మధ్యాహ్నం మూడున్నరకి తీసేయండి. ఆలస్యమైతే చల్లబడిన గాలిలోని తేమను బట్టలు మళ్లీ పీల్చుకుంటాయి.

పాత ఇటుక ఇల్లు అద్దెకు దొరికితే పెరట్లో గొడుగులా విచ్చుకుని తిరిగే ఇనుప దండెం ఉండే అవకాశం ఉంది. దానికి పేరు తెచ్చింది అడిలైడ్‌కి చెందిన లాన్స్ హిల్. 1945లో తయారీ మొదలుపెట్టి ‘హిల్స్ హాయిస్ట్’ పేరుతో దేశమంతా అమ్మాడు. అంతకు చాలా ముందే, 1911 నుంచీ, గిల్బర్ట్ టాయ్న్ ఇలాంటి దండేలకు పేటెంట్లు తీసుకున్నాడు. ఈ దండేనికున్న పిడి తిప్పితే అది పైకి లేస్తుంది. బట్టలు వేశాక తప్పకుండా పైకి లేపండి, పైన గాలి బాగా ఆడుతుంది. గడ్డి పెరిగిన పెరట్లో ఇది వృథాగా నిలబడి ఉండడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

డ్రయ్యర్ అంత కరెంటు ఎందుకు తీసుకుంటుంది?

లీటరు నీటిని ఆవిరి చేయాలంటే కనీసం 0.65 యూనిట్ దాకా వేడి కావాలి. ఇది ప్రకృతి నియమం, ఏ కంపెనీ మెషీన్ అయినా ఒకటే. హీటర్‌తో నడిచే మామూలు డ్రయ్యర్‌లో డ్రమ్ము వేడెక్కడానికీ, బయటికి పోయే వేడిగాలికీ కలిపి లీటరుకి ఒక యూనిట్ వేసుకోవాలి. ఐదు కిలోల పొడిబట్టలు ఉతికి, 800 వేగంతో స్పిన్ చేసి తీస్తే వాటిలో మూడున్నర లీటర్ల నీళ్లుంటాయి. అదే 1,200 వేగంతో స్పిన్ చేస్తే రెండున్నర లీటర్ల పైచిలుకు మిగులుతాయి. తేడా దాదాపు ఒక లీటరు, అంటే ఒక యూనిట్. వాషింగ్ మెషీన్ ఇంకో ఐదారు నిమిషాలు జోరుగా తిరగడానికయ్యే కరెంటు దీని ముందు లెక్కలోకి రాదు. నీళ్లను పిండి తీయడం చౌక, కాచి తీయడం ఖరీదు.

కాబట్టి మొదటి పని వాషింగ్ మెషీన్ దగ్గరే. స్పిన్ వేగం ఎంత పెట్టి ఉందో చూడండి. చాలా ఇళ్లలో ఎవరో ఎప్పుడో 600కో 800కో పెట్టి వదిలేసి ఉంటారు. తువ్వాళ్లు, జీన్స్, దుప్పట్లు, నూలు బట్టలకు మెషీన్‌లో ఉన్న గరిష్ఠ వేగం పెట్టండి. ఉతికాక విడిగా ఇంకోసారి స్పిన్ మాత్రమే వేసినా మంచిదే. పట్టు, జరీ, ఊలు స్వెటర్ల జోలికి మాత్రం పోవద్దు. వాటికి జోరు స్పిన్నూ వద్దు, డ్రయ్యరూ వద్దు.

ఇక డ్రయ్యర్‌లో ఎలా వేయాలి?

జీన్స్‌నీ పల్చటి టీషర్టుల్నీ కలిపి వేస్తే టీషర్టులు అరగంటలో ఆరిపోతాయి. జీన్స్ జేబు మాత్రం ఇంకా చల్లగా తగులుతుంది. ఆ జేబు కోసం మొత్తం డ్రమ్మును ఇంకో అరగంట తిప్పుతాం. దళసరివి ఒక విడత, పల్చటివి ఒక విడత వేయండి. మొదటి విడత తీసిన వెంటనే రెండోది వేస్తే వేడెక్కిన డ్రమ్ము మళ్లీ చల్లారకుండా పనికొస్తుంది. డూనా కవర్ వేసేటప్పుడు బొత్తాలు పెట్టేయండి. లేకపోతే మిగతా బట్టలన్నీ దాని కడుపులోకి దూరి మూటకట్టుకుంటాయి, పైన ఆరి లోపల తడిగా ఉంటాయి. డ్రమ్మును ముప్పావు వంతుకు మించి నింపొద్దు.

తేమను కనిపెట్టి తనే ఆగే సెన్సర్ ప్రోగ్రామ్ ఉంటే టైమర్ బదులు అదే వాడండి. ఇస్త్రీ చేసే బట్టలైతే కాస్త తడి ఉండగానే ఆపే ప్రోగ్రామ్ చాలు.

దూది నూగు పట్టే జల్లెడను ప్రతిసారీ తుడవాలని అందరికీ తెలుసు. అయితే తుడిచాక కూడా అది మూసుకుపోయి ఉండొచ్చు. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్, డ్రయ్యర్ షీట్లు వాడే ఇళ్లలో జల్లెడ మీద కంటికి కనబడని జిడ్డుపొర ఏర్పడుతుంది. జల్లెడను తీసి కుళాయి కింద పట్టండి. నీళ్లు సులువుగా దిగిపోతే సరే. గుంటలో నిలిచినట్టు నిలబడితే గాలి కూడా అలాగే ఆగుతోందన్నమాట. గోరువెచ్చటి సబ్బునీళ్లలో మెత్తటి బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. ఆరే సమయం తగ్గడం మీకే తెలుస్తుంది.

డ్రయ్యర్ లేకుండా గదిలోనే ఆరేస్తే సరిపోదా?

సరిపోదు, జాగ్రత్త తీసుకోకపోతే. ఆ రెండున్నర, మూడున్నర లీటర్ల నీళ్లు ఎక్కడికీ పోవు, గదిలోనే తిరుగుతాయి. చల్లటి కిటికీ అద్దం మీద, బీరువా వెనక గోడ మీద చేరి బూజు పడుతుంది. విక్టోరియాలో 2021 మార్చి 29 నుంచి అమల్లో ఉన్న అద్దె ఇళ్ల కనీస ప్రమాణాల ప్రకారం, కట్టడంలోని లోపం వల్ల వచ్చే బూజుకీ చెమ్మకీ బాధ్యత ఇంటి యజమానిదే. మనం తలుపులన్నీ మూసి బట్టలు ఆరేసినందువల్ల వచ్చిన బూజు విషయంలో ఆ రక్షణ గట్టిగా నిలబడదు, బాండ్ దగ్గర పేచీ మొదలవుతుంది.

ఒక గదిని ఎంచుకోండి. కిటికీ రెండంగుళాలు తెరిచి, గది తలుపు మూసి, స్టాండుకు ఎదురుగా ఫ్యాను పెట్టండి. 50 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగినా అయ్యేది 0.4 యూనిట్. గాలి గొట్టం బిగించని పాత డ్రయ్యర్ కూడా ఆవిరినంతా ఆ గదిలోకే ఊదుతుందని గుర్తుంచుకోండి. అది నడిచేటప్పుడూ కిటికీ తెరవాలి. లేకపోతే ఊదిన తడిగాలినే మళ్లీ పీల్చుకుంటూ గంటల తరబడి తిరుగుతుంది.

నా వరకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి రెండూ కలిపి వాడడం. పెరడు ఉంటే పగలంతా దండెం మీద వేసి, సాయంత్రం మిగిలిన చెమ్మకి పావుగంట డ్రయ్యర్ వేయండి. పెరడు లేని ఫ్లాట్‌లో దీన్ని తిరగేయండి. ముందు డ్రయ్యర్‌లో అరగంట తిప్పి, చాలావరకు ఆరాక తీసి స్టాండు మీద వేయండి. మొదట్లో బట్ట పైపైన ఉన్న నీళ్లు తొందరగా పోతాయి. చివర కుట్ల దగ్గర, నడుం పట్టీల దగ్గర మిగిలే తడి కోసమే మెషీన్ ఎక్కువ కరెంటు తగలేస్తుంది. ఆ కాస్తా గదిలో ఆరితే బూజు భయమూ ఉండదు.

ఏ వేళకి వేయాలి?

మీ ప్లాన్ బట్టి. రోజంతా ఒకే ధర ఉన్న ప్లాన్ అయితే వేళతో పనిలేదు. వేళను బట్టి ధర మారే ప్లాన్ అయితే విక్టోరియాలో ఎక్కువగా మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 9 దాకా ఖరీదైన సమయం. మనమంతా కాలేజీ నుంచో డ్యూటీ నుంచో వచ్చి మెషీన్ వేసేది సరిగ్గా అప్పుడే. ఈ రాష్ట్రంలో దాదాపు అన్ని ఇళ్లకూ స్మార్ట్ మీటర్లున్నాయి కాబట్టి కరెంటు కంపెనీ యాప్‌లో అరగంటకోసారి ఎంత వాడారో చూడొచ్చు. డ్రయ్యర్ వేసిన వేళ గీత నిటారుగా లేస్తుంది. ఇంట్లో నలుగురూ ఒకసారి ఆ బొమ్మ చూస్తే బిల్లు పంపకాల మీద వాదన సగం తగ్గుతుంది. రాష్ట్ర ప్రభుత్వం నడిపే విక్టోరియన్ ఎనర్జీ కంపేర్ వెబ్‌సైట్‌లో ప్లాన్లు పోల్చి చూసుకోండి.

చౌక కదా అని అర్ధరాత్రి వేసి పడుకోవద్దు. వారాంతంలో పొద్దున్నే వేయండి. ధరా తక్కువే, మనుషులూ మెలకువగా ఉంటారు.

నూనె మరకల బట్టలు వేయొచ్చా?

వేయొద్దు. ఈ సంగతి మన ఇళ్లకు మరీ ముఖ్యం. వంటింటి మసిగుడ్డలు, పసిబిడ్డకు నలుగు పెట్టి తుడిచిన తువ్వాలు, తలనూనె పట్టిన దిండు గలీబులు ఉతికినా వాటిలో నూనె పూర్తిగా పోదు, చన్నీళ్లతో ఉతికితే మరీను. వేడి తగిలినప్పుడు ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తనంతట తనే వేడి పుట్టిస్తుంది. నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు నూనెలకు ఈ గుణం బాగా ఎక్కువ. అలాంటి బట్టల్ని వేడిగా కుప్పపోస్తే లోపలి వేడి బయటికి పోయే దారి లేక, మెషీన్ ఆగిన గంటల తరవాత కూడా మంట అంటుకోవచ్చు. వీటిని వేడినీళ్లతో, కాస్త ఎక్కువ సబ్బుతో ఉతికి దండెం మీదే ఆరేయండి. ఏ బట్టలైనా సరే, చివర్లో చల్లగాలి తిప్పే పది నిమిషాలూ పూర్తి కానివ్వండి, మధ్యలో ఆపి తీయకండి.

హీట్ పంప్ డ్రయ్యర్ కొనాలా?

ఇది ఫ్రిజ్ లాంటి యంత్రాంగంతో పనిచేస్తుంది. తడిగాలిని చల్లటి తీగచుట్ట మీదుగా పంపి నీటిని డబ్బాలోకి దించుతుంది. ఆవిరి నీరుగా మారేటప్పుడు విడుదలయ్యే వేడిని వదిలేయకుండా మళ్లీ బట్టల మీదికే పంపుతుంది. అందుకే మామూలు దానికి నాలుగు యూనిట్లయ్యే విడతకి దీనికి ఒకటిన్నర చాలు. సమయం మాత్రం రెండు మూడు గంటలు పడుతుంది. నీళ్ల డబ్బా ఉంది కదా అని ప్రతిదీ హీట్ పంప్ అనుకోకండి. హీటర్‌తో నడిచే కండెన్సర్ రకానికీ డబ్బా ఉంటుంది, దాని కరెంటు ఖర్చు మామూలు దాని దగ్గరే ఉంటుంది. ఉతకడం, ఆరబెట్టడం రెండు పనులూ ఒకే మెషీన్ చేసే రకంలో ఆరబెట్టగలిగేది ఉతికినదాంట్లో సుమారు సగమో, కాస్త ఎక్కువో మాత్రమే.

యూనిట్ 30 సెంట్లు అనుకుంటే విడతకి 75 సెంట్లు మిగులుతాయి. ధరలో తేడా 600 డాలర్లుంటే అది తిరిగి రావడానికి 800 విడతలు కావాలి. ఐదుగురుండి వారానికి ఐదారుసార్లు వేసే కుటుంబానికి దాదాపు మూడేళ్లలో గిట్టుబాటవుతుంది. చదువు ముగించుకుని రెండేళ్లలో ఇల్లు మారే విద్యార్థులకు గిట్టదు. వాళ్లు జోరు స్పిన్, ఫ్యాను, అరగంట డ్రయ్యర్‌తో గడిపేయడమే మేలు. షాపులో నక్షత్రాల స్టిక్కర్ చూసేటప్పుడు దాని మీది యూనిట్ల అంకె వారానికి ఒక్కసారి, ఏడాదికి 52 సార్లు వాడితే అయ్యేదని తెలుసుకోండి. మీ ఇంట్లో వారానికి నాలుగుసార్లు వేస్తారనుకుంటే ఆ అంకెను నాలుగుతో గుణించి చూసుకోవాలి.