నెట్టిన బలమంతా ముందు పెట్టెకు చేరుతుందా?

ఆనించి ఉన్న రెండు పెట్టెలను వెనకనుంచి 50 న్యూటన్ల బలంతో నెడితే ముందు పెట్టె మీద పడే బలమెంత? క్లాసులో నేనీ ప్రశ్న వేస్తే చాలామంది ఠక్కున "యాభయ్యే సార్!" అంటారు. లెక్క కట్టి చూద్దాం.

వెనక పెట్టె 6 కిలోలు, ముందుది 4 కిలోలు, నేలతో ఘర్షణ గుణకం రెంటికీ 0.2, గురుత్వ త్వరణం 10 మీ/సె² అనుకుందాం. ముందుగా రెంటినీ ఒకే వస్తువుగా తీసుకోండి. మొత్తం ఘర్షణ 20 న్యూటన్లు. మిగిలిన 30 న్యూటన్లు 10 కిలోలను కదపాలి గనుక, న్యూటన్ రెండవ సూత్రం ప్రకారం త్వరణం 3 మీ/సె².

ఇప్పుడు ముందు పెట్టెకు విడిగా బొమ్మ గీయండి. దాని ఘర్షణకు 8, త్వరణానికి 4×3 = 12, వెరసి 20 న్యూటన్లు. తక్కిన 30 వెనక పెట్టెకే సరిపోయాయి: ఘర్షణకు 12, త్వరణానికి 18.

అసలు తమాషా ఇక్కడుంది. ఘర్షణ బొత్తిగా లేదనుకోండి. త్వరణం 5 అవుతుంది, కాని ముందు పెట్టె మీద బలం అదే 20! గుణకం రెంటికీ ఒకటే అయి, పెట్టెలు కదులుతున్నంతవరకు, నెట్టిన బలం ద్రవ్యరాశుల నిష్పత్తిలో పంపకమవుతుంది. గుణకాలు వేరైతే ఈ మాట చెల్లదు.

పెట్టెలను తారుమారు చేస్తే నడుమ బలం 30 అవుతుంది. గాజుసామాను పెట్టెలు నెట్టేవారు తేలికదాన్ని ముందుంచడమే మేలు!

1687లో అచ్చయిన న్యూటన్ సూత్రాన్ని మనవాళ్ళందరూ కంఠతా అప్పజెపుతారు. "ఏ వస్తువు మీద, ఏయే బలాలు?" అని ముందు అడిగేవాడికే అది పనికొస్తుందని నా నమ్మకం.