ఉక్కునగరంలో సాహసానికి చోటు

1955లో కుదిరిన సోవియట్ ఒప్పందంతో రూపుదిద్దుకుని, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్, అంటే ఇనుప ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే భారీ కొలిమి, వెలిగించిన ఛత్తీస్‌గఢ్ ఉక్కునగరం భిలాయ్‌లో నిత్యజీవితం షిఫ్టుల చుట్టూ తిరుగుతుంది. కొలిమి రాత్రింబవళ్లు మండవలసిందే గనుక, కార్మికుల నిద్రా భోజనాలు సైతం దాని వేళలకు కట్టుబడి ఉంటాయి. ఇలా ఒకే ప్రేరణ పదేపదే ఎదురైతే మనసు దానికి స్పందించడం తగ్గిస్తుందని మనోవిజ్ఞానశాస్త్రం చెబుతుంది. దీన్నే హ్యాబిట్యుయేషన్ అంటారు. రోజులు తెలియకుండా గడిచిపోవడానికి ఇదొక కారణం.

అయితే ఉద్యోగం మానకుండానే జీవితాన్ని విస్తరించుకోవచ్చనడానికి ఈ ఊరే సాక్ష్యం. సమీపంలోని గనియారీలో జన్మించిన తీజన్ బాయి, మహాభారత కథను తంబురా చేతబట్టి పాడే పాండవానీ కళలో, స్త్రీలు కూర్చుని మాత్రమే పాడే ఆచారాన్ని దాటి, నిలబడి అభినయిస్తూ పాడే కాపాలిక శైలిని చేపట్టారు. కులపెద్దల వెలిని భరించారు. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేస్తూనే విదేశీ వేదికలెక్కి, 2019లో పద్మవిభూషణ్ అందుకున్నారు.

అంతటి తెగువ అందరికీ సాధ్యం కాకపోయినా, వారాంతపు సెలవులో రైలెక్కి డోంగర్‌గఢ్ చేరి, బమ్లేశ్వరీ ఆలయపు వెయ్యికి పైగా మెట్లెక్కడం, ఛత్తీస్‌గఢీ పాట ఒకటి నేర్వడం, అలవాటైన దారి వదిలి ఊళ్లోని మరో సెక్టార్ మీదుగా నడవడం ఎవరికైనా అందుబాటులో ఉన్నవే. షిఫ్టు వేళలు యాజమాన్యం నిర్ణయిస్తుంది. మిగిలిన గంటలకు అర్థం కల్పించుకోవలసినది మనిషే. ఆ ప్రయత్నం ఈ వారమే మొదలుకావాలి.