తెర ముందు కూర్చున్న కుర్రవాడు

ఇషా నమాజు ముగిసి వీధులు సద్దుమణిగిన తర్వాత కూడా మన ఇళ్ళలో ఏదో ఒక గదిలో వెలుగు ఆరదు. అది దీపపు వెలుగు కాదు, తెర వెలుగు. “రాత్రి పన్నెండయినా కంప్యూటర్ ముందు నుంచి లేవడు మౌలానా సాబ్, మీరైనా కాస్త చెప్పండి” అంటూ మదరసాకు వచ్చే తల్లిదండ్రులు ఉదయగిరిలోనూ ఉన్నారు, ఆత్మకూరులోనూ ఉన్నారు. “ఇంతకూ ఏమి చేస్తుంటాడు?” అని అడిగితే మాత్రం చాలామంది వద్ద జవాబు ఉండదు. వెనుక నిలబడి చూసేవారికి వంగిన వీపు, కదిలే వేళ్ళు తప్ప మరేమీ కనిపించవు. పాఠం నేర్చుకుంటున్నా, ఆట ఆడుతున్నా, జూదంలో డబ్బు పోగొట్టుకుంటున్నా, చక్కని వ్యాసం వ్రాస్తున్నా ఆ వీపు ఒక్కలాగే ఉంటుంది. ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టి తిట్టడం వల్ల జరుగుతున్న నష్టం చిన్నది కాదు.

నేను దగ్గరి నుంచి గమనించిన ఒక విద్యార్థి సంగతి చెబుతాను. పేరు అవసరం లేదు. ఉదయగిరివాడు, వయసు ఇరవై. చిన్ననాడు మా వద్దనే నాజిరా ఖుర్ఆన్ పూర్తిచేశాడు. తండ్రి లేడు. తల్లి కొయ్య చెంచాలు, గరిటెలు చెక్కుతారు. ఉదయగిరి కొయ్య చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉన్నదన్న విషయం పాఠకులలో కొందరికి తెలిసే ఉంటుంది. దుర్గం కొండల నుంచి తెచ్చిన నర్ది, కల్ది, బిక్కి వంటి కొయ్యలను ఉలితో చెక్కి, ఆకురాయితో నునుపు చేసి, పిడుల మీద సన్నని అల్లికలు తీర్చిదిద్దే ఈ పని ఎక్కువగా మన ముస్లిం కుటుంబాల చేతులలోనే నిలిచి ఉన్నది. వారిలోనూ స్త్రీలే అధికం.

ఈ పిల్లవాడు ఒకవైపు డిగ్రీ చదువుతూ, వారానికి మూడు రోజులు బస్సెక్కి ఆత్మకూరు వెళ్ళి వెబ్ డిజైన్ నేర్చుకుంటున్నాడు. ఫజ్ర్ తర్వాత ఒక గంట పాఠం నెమరువేసుకోవడం, ఆపైన కళాశాల లేదా ఆత్మకూరు ప్రయాణం, సాయంత్రం తల్లి చెక్కిన సరుకును లెక్కకట్టి మూటలు కట్టడం, మగ్రిబ్ తర్వాత తెర ముందు కూర్చోవడం. ఇదీ అతని దినచర్య.

వెబ్ డిజైన్ అంటే ఏమిటో ఇళ్ళలోని పెద్దలకు తెలియడం మంచిది. ఒక వెబ్ పేజీని ఇంటితో పోల్చవచ్చు. గోడలు, గుమ్మాలు, గదులు ఎక్కడెక్కడ ఉండాలో చెప్పేది హెచ్.టి.ఎమ్.ఎల్. రంగులు, కొలతలు, అలంకరణ చూసుకునేది సి.ఎస్.ఎస్. మీట నొక్కితే దీపం వెలిగినట్లు, తాకితే స్పందించే పనులన్నీ జావాస్క్రిప్ట్‌వి. ఈ మూడూ కుదిరితే పేజీ నిలుస్తుంది. ఒక్క గుర్తు మరచిపోతే గోడ కూలినట్లు పేజీ అంతా చెదిరిపోతుంది. ఆ ఒక్క గుర్తు కోసం రాత్రి రెండు గంటలు వెదకిన రోజులున్నాయని ఆ పిల్లవాడు చెప్పాడు. ఆ రెండు గంటలూ ఇంట్లోవారి దృష్టిలో “ఫోను పిచ్చి” ఖాతాలోకే వెళ్ళాయి.

ఇందులో నన్ను అమితంగా ఆకర్షించిన విషయం మరొకటి ఉన్నది. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి, క్రింద వత్తులు. “స్త్రీ”, “రాష్ట్రం” వంటి మాటలు వచ్చినచోట ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు చాలదు. పై వరుసలోని వత్తు క్రింది వరుసలోని గుడికి తగులుతుంది. కాబట్టి తెలుగు పేజీ చేసేవాడు వరుసల మధ్య ఎడం పెంచాలి. ఇక ఉర్దూ సంగతి వేరు. అది కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ఆ దిశను పేజీకి ప్రత్యేకంగా చెప్పాలి. పైగా నస్తలీఖ్‌లో మాట ఏటవాలుగా క్రిందికి జారుతుంది. దానికి తెలుగుకన్నా ఎక్కువ చోటు కావాలి. ఆ కుడి ఎడమల వరుసలో ఫోను నంబరు వచ్చిందంటే అది మాత్రం ఎడమ నుంచి కుడికే చదవాలి! ఒకే పేజీలో ఈ రెండు లిపులనూ పక్కపక్కన కూర్చోబెట్టడం అతనికి వారం రోజుల పని అయింది. మన పిల్లలకు ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు వచ్చి ఉండటం ఎంతటి పెట్టుబడో ఆ రోజు నాకు అర్థమయింది.

చెన్నైలో 1927లో మొదలైన ‘ది ముసల్మాన్’ ఉర్దూ దినపత్రిక కాతిబుల చేతివ్రాతతో వెలువడుతూ ప్రసిద్ధి పొందింది. నస్తలీఖ్ కంప్యూటర్‌కు లొంగదని ఒకప్పుడు అందరూ అనుకున్నారు. 1981లో నూరీ నస్తలీఖ్ వచ్చిన తర్వాత ఆ మాట మారింది. కాతిబు కలం పట్టుకుని చూసుకున్న ఎడాన్నే ఈనాటి కుర్రవాడు అంకెలలో చూసుకుంటున్నాడు. ఇవి రెండూ ఒకే కోవకు చెందిన పనులని నా అభిప్రాయం. ఒప్పుకోని ఉలమాలు ఉంటే ఉండవచ్చు.

ఇక ఆట సంగతి. అతడు ఆడతాడు. దాచలేదు. నలుగురు స్నేహితులు జట్టుగా చేరి ఫోనులో ఆడే యుద్ధపు ఆట అది. పబ్జీ అనే పేరుతో దేశమంతా వ్యాపించి, 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 118 యాప్‌లలో ఒకటయింది. 2021 జూలైలో బి.జి.ఎమ్.ఐ. అనే కొత్త పేరుతో తిరిగివచ్చింది. మరుసటి ఏడాది మళ్ళీ ఆగి, 2023లో మళ్ళీ మొదలయింది. వందమంది వరకు ఒకే మైదానంలో దిగుతారు. చివరికి మిగిలినవాడు గెలుస్తాడు. ఒక ఆట ముగియడానికి సుమారు అరగంట పడుతుంది.

ఇక్కడ పెద్దలు గ్రహించవలసిన ఒక చిన్న విషయం ఉన్నది. ఈ ఆటను మధ్యలో ఆపి ఉంచడం సాధ్యం కాదు. చదరంగం పలకను అలాగే వదిలి అన్నం తిని వచ్చినట్లు కుదరదు. తల్లి భోజనానికి పిలిచినప్పుడు “ఒక్క నిమిషం అమ్మీ” అని పిల్లవాడు అనడం ప్రతిసారీ ధిక్కారమే కానక్కరలేదు. తాను లేస్తే మిగతా ముగ్గురూ ఓడిపోతారన్న బాధ కూడా అందులో ఉంటుంది. అయితే అదాన్ వినిపించినప్పుడు కూడా ఇదే మాట అంటే? నేను అదే అడిగాను. “అందుకే హజ్రత్, నమాజుకు ముప్పావు గంట వ్యవధి లేకపోతే ఆట మొదలే పెట్టం. మా నలుగురిదీ అదే ఒప్పందం” అన్నాడు. ఆ ఒప్పందం ఎవరు నేర్పారో నాకు తెలియదు కానీ, “ఆడవద్దు” అన్న వంద తిట్లకన్నా అది మేలైనది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో ఆటల వ్యసనాన్ని ఒక రుగ్మతగా చేర్చింది. ఆడేవారందరూ రోగులని దాని అర్థం కాదు. ఆటపై అదుపు కోల్పోవడం, చదువు, నిద్ర, బంధువులు అన్నిటికన్నా ఆటే ముఖ్యం కావడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇవి సాధారణంగా ఏడాది పాటు కొనసాగడం దాని లక్షణాలు. అటువంటి పిల్లవానికి ఉపన్యాసం కాక వైద్యుడు అవసరం. ఫోను లాక్కుని గోడకేసి కొట్టడం వైద్యం కాదు.

డబ్బు పెట్టి ఆడే ఆటలు పూర్తిగా వేరు. అక్కడ మాట మెత్తబరచవలసిన పని లేదు. దివ్యఖుర్ఆన్ అల్ మాయిదా సూరా 90వ ఆయతు జూదాన్ని మద్యంతో కలిపి నిషేధించింది. పేకముక్కలు చేతిలో ఉన్నా తెర మీద ఉన్నా తీర్పు మారదు. మన రాష్ట్రం 2020లోనే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ వంటివాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, పందెం లేని ఆటలను, ఇ-స్పోర్ట్స్‌ను వేరుచేసింది. నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు చేసేవారికి రెండేళ్ళ వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఆడినవారికి మాత్రం ఈ చట్టంలో శిక్ష లేదు. కాబట్టి మోసపోయిన పిల్లవాడు భయపడి నోరు మూసుకోనక్కరలేదు. ఆత్మకూరు వైపు ఒక ఇంట్లో కళాశాల ఫీజు కోసం దాచిన సొమ్మంతా ఇలాగే కరిగిపోయింది. ఆ పిల్లవాడు నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. సొమ్ము పోయినందుకన్నా ఆ నాలుగు నెలల మౌనానికే అతని తల్లి ఎక్కువ ఏడ్చింది.

మన వెబ్ డిజైన్ విద్యార్థికి పరీక్ష ఇక్కడే ఎదురయింది. అతని పనితనం చూసిన ఒక పరిచయస్థుడు క్రికెట్ పందేల సైటు కోసం ఒక పేజీ చేసిపెట్టమన్నాడు. మెరిసే అంకెలు, గెలిచినవారి పేర్లు, “ఇప్పుడే చేరండి” అనే పెద్ద బొత్తాము, ఇంతే పని. ఇస్తామన్న సొమ్ము అతని తల్లి రెండు నెలలు చెంచాలు చెక్కినా రాదు. “నేను ఆడటం లేదు కదా హజ్రత్, గోడకు రంగు వేసి రావడమే కదా” అని నా వద్దకు వచ్చి అడిగాడు. అడగడంలోనే అతని మనసు తెలుస్తున్నది. నేను ఫత్వా చెప్పలేదు. “ఆ బొత్తాము ఎంత పెద్దదిగా ఉండాలో, ఏ రంగులో ఉంటే వేలు దాని మీదికి వెళుతుందో నిర్ణయించేది ఎవరు బేటా?” అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. నేర్చుకున్న విద్య అంతా ఆ బొత్తాములోనే ఉందని అతనికి నాకన్నా బాగా తెలుసు. ఆ పని వద్దని చెప్పివేశాడు. ఆ నెల ఆత్మకూరు బస్సు చార్జీలకు తల్లి వద్ద చేయి చాచవలసి వచ్చింది. ఆ మాట కూడా చెప్పకపోతే కథ అబద్ధమవుతుంది.

ఇప్పుడు అతడు బ్లాగు వ్రాస్తున్నాడు, తెలుగులో. అంతర్జాలంలో తెలుగు వ్రాయడం ఒకప్పుడు ఎంత కష్టమో ఈ తరానికి తెలియదు. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు. అది దించుకోకపోతే తెర మీద పిచ్చి గుర్తులు. యూనికోడ్ నిలదొక్కుకున్న తర్వాత, 2003లో తెలుగు వికీపీడియా మొదలయింది. 2006 ప్రాంతంలో ‘లేఖిని’ వంటి వ్రాత పరికరాలు, ‘కూడలి’ వంటి బ్లాగుల సంకలినులు వచ్చి వందలాది మందిని రచయితలను చేశాయి. నేడు ఆ సందడి వీడియోల వైపు మళ్ళింది. అయినా వ్రాసేవాడు వ్రాస్తూనే ఉన్నాడు. ఇతడు వ్రాసేది దుర్గం కోట గురించి, శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి దానిని గెలుచుకున్న 1514 నాటి ముట్టడి గురించి, అన్నిటికన్నా ఎక్కువగా కొయ్య చెంచాల గురించి.

ఆ వ్రాత కోసం తల్లిని పక్కన కూర్చోబెట్టుకుంటాడు. ఏ కొయ్య ఏ పనికి, పచ్చి కొయ్య ఎన్నాళ్ళు ఆరాలి, పిడి మీది అల్లిక పేరేమిటి అని అడుగుతాడు. ఆమె చదువుకోలేదు. అతడు వ్రాసినది చదివి వినిపిస్తే తప్పులు దిద్దుతారు. మొన్న ఒక ఫోటో చూపితే, “ఇది కల్ది కాదురా, నర్ది. రంగు చూడు” అన్నారట. అతడు అప్పటికప్పుడే మార్చాడు. ఆ తర్వాత ఆమె, “చెంచాను బోర్లా పెట్టి తీశావు, లోపలి నునుపు ఎవరికి కనబడుతుంది?” అని, రాత్రి పదకొండు గంటలకు మళ్ళీ ఫోటో తీయించారట.