ప్రోగ్రెస్ కార్డంటే మార్కులేనా? పిల్లల బలాలు చూసేదెవరు.. ఇంట్లో, బడిలో ఇలా ట్రై చేయండి

తెలుగులో 85, సోషల్‌లో 80, లెక్కల్లో 38. ఇలాంటి ప్రోగ్రెస్ కార్డు ఇంటికొస్తే మన కళ్లు ఎక్కడ ఆగుతాయి? డౌటే లేదు.. 38 దగ్గరే. వెంటనే 'ఏటిరా ఇది?' అని మొదలెడతాం. ఆ 85 ఎలా వచ్చిందో మాత్రం అడగం. విజయనగరం జిల్లా కొత్తవలసలోనైనా, పక్కనున్న విశాఖలోనైనా చాలా ఇళ్లలో జరిగేది ఇదే.

లోపంతో కాకుండా బలంతో మాట మొదలుపెట్టమంటోంది పాజిటివ్ సైకాలజీ. అమెరికా సైకాలజిస్టులు మార్టిన్ సెలిగ్మన్, క్రిస్టఫర్ పీటర్సన్ 2004లో మనిషిలోని 24 మంచి గుణాలను ఒక పుస్తకంలో వివరించారు. కుతూహలం, దయ, పట్టుదల, నిజాయితీ, హాస్యం.. ఇవన్నీ అందులో ఉన్నాయి. మార్కుల లిస్టులో మాత్రం ఒక్కటీ కనిపించదు.

ఇది మనకి పూర్తిగా కొత్త కాదు. 2018 జులైలో ఢిల్లీ ప్రభుత్వ స్కూళ్లలో హ్యాపీనెస్ క్లాసులు మొదలయ్యాయి. 2019లో ఏపీ ప్రభుత్వ బడుల్లో 'ఆనంద వేదిక' వచ్చింది. అయితే బడిలో కథ విని, కాసేపు కళ్లు మూసుకుని శ్వాస గమనించి వచ్చిన పిల్లాడికి ఇంట్లో తిట్లే ఎదురైతే ఏం లాభం?

అందుకే ఇంట్లోనూ ఇది జరగాలి. పొగడ్త వేరు, బలాన్ని గుర్తించడం వేరు. 'నువ్వు సూపర్' అంటే పిల్లలకి ఏమీ అర్థం కాదు. 'చెల్లి ఏడుస్తుంటే ఆట ఆపేసి వచ్చావు చూడు, అది నాకు నచ్చింది' అంటే అర్థమవుతుంది. అలాగని లెక్కల్ని వదిలేయమని కాదు. రోజూ గంటసేపు బౌలింగ్ ప్రాక్టీస్ చేసేవాడికి పట్టుదల ఉన్నట్టే కదా! అదే పట్టుదలతో రోజుకి రెండు లెక్కలు చేయమని అడగొచ్చు.

విశాఖలో పని చేసుకుని రాత్రికి రైల్లోనో, బస్సులోనో కొత్తవలస చేరే అమ్మానాన్నలకి టైమ్ ఎక్కడిది? పది నిమిషాలు చాలు. అన్నం తినేటప్పుడు ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలు, అవి ఎందుకు జరిగాయో ఒక్కొక్కరూ చెప్పాలి. ఇలా వారం పాటు రాసుకున్నవారిలో సంతోషం పెరిగి, ఆరు నెలల తర్వాత కూడా కనిపించిందని సెలిగ్మన్ బృందం 2005లో తేల్చింది. ఆ స్టడీ పెద్దవాళ్లపై జరిగింది. పిల్లలతో అయితే ఆటలా చేయండి, హోంవర్క్‌లా వద్దు.

ఇక బడి విషయం. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. ఇలాంటి మీటింగ్‌కి వెళ్లినప్పుడు మార్కుల కంటే ముందు ఒక ప్రశ్న అడగండి. 'మా బాబు క్లాసులో ఎప్పుడు హుషారుగా ఉంటాడు సార్?' టీచర్లు కూడా రిమార్క్స్‌లో 'ఇంప్రూవ్ కావాలి' అని రాసి వదిలేయకుండా, పిల్లాడు బాగా చేసిన ఒక్క పనైనా రాస్తే బాగుంటుంది.

ఒక్క జాగ్రత్త. ఎప్పుడూ నవ్వుతూ ఉండాలని పిల్లల్ని బలవంతం చేయొద్దు. భయం, బాధ చెప్పుకుంటుంటే మధ్యలో ఆపి 'పాజిటివ్‌గా ఉండు' అనకండి. తిండి, నిద్ర తగ్గినా, బడికి వెళ్లనని మొండికేసినా, చనిపోవాలనిపిస్తోందని అన్నా తేలిగ్గా తీసుకోవద్దు. వెంటనే డాక్టర్‌ని కలవండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి 24 గంటల్లో ఎప్పుడైనా ఉచితంగా కాల్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడొచ్చు.