కరెంటు లేనిచోట ఫ్రిజ్

1994లో నేను కొండమీది ఒక చిన్న డిస్పెన్సరీలో పనిచేశాను. అక్కడ కరెంటు లేదు. టీకాలు దాచే ఫ్రిజ్ కిరోసిన్ దీపంతో నడిచేది. "మంటతో చల్లదనమేమిటమ్మా" అని ఊరివాళ్లు నవ్వేవారు. ఆ వేడికి గొట్టాల్లోని అమ్మోనియా ఆవిరై, చల్లారి ద్రవమై, మళ్లీ ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడిని లాగేసుకుంటుంది. మోటారు లేదు, చప్పుడు లేదు. కాని వత్తికి మసి పడితే చల్లదనం తగ్గిపోయేది, మంట పెంచితే మరీ ఎక్కువయ్యేది. టీకాలకు 2 నుండి 8 డిగ్రీలు ఉండాలి. థర్మామీటరు చూడడానికి రాత్రిళ్లు లేచేదాన్ని.

ఒక చలికాలం, మధ్యాహ్నం ఎండగా ఉందని మంట పెంచి, సాయంత్రం తగ్గించడం మరచిపోయాను. తెల్లవారేసరికి డి.పి.టి. సీసాలు గడ్డకట్టాయి. ఆ రోజే టీకాల రోజు. తల్లులు పిల్లలను చంకనేసుకొని వచ్చేశారు. "కరిగాక మామూలుగానే ఉంటుందిగా, వేసెయ్యండి" అన్నారు ఒకరు. గడ్డకట్టిన డి.పి.టి.లో బలం పోతుంది. వేస్తే తల్లి ధైర్యంగా ఇంటికి వెళ్తుంది, బిడ్డకు మాత్రం కోరింతదగ్గు నుండి రక్షణ ఉండదు. తప్పు నాదేనని చెప్పి అందరినీ తిప్పి పంపాను. "మళ్లీ ఇంత దూరం నడవాలా తల్లీ" అని ఒక అవ్వ అడిగింది. ఏం చెప్పను?

తరువాత అలాంటి చోట్లకు సోలార్ ఫ్రిజ్‌లు వచ్చాయి. మొదటివాటిలో బ్యాటరీలు కొన్నేళ్లకే పాడై, కొత్తవి కొనేవారు లేక ఫ్రిజ్ మూలనపడేది. 2010 ప్రాంతం నుండి బ్యాటరీ లేనివి వస్తున్నాయి. పగలు సోలార్ పలకల కరెంటు నేరుగా మోటారుకు వెళ్లి లోపల మంచు తయారవుతుంది. ఆ మంచే రాత్రంతా కాపాడుతుంది. ముసురుపట్టినా కనీసం 3 రోజులు చల్లదనం నిలవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం.

ఇన్సులిన్ వాడేవారు ఇంటి ఫ్రిజ్‌ను ఇన్వర్టరుపై నడపవచ్చా అని అడుగుతుంటారు. నడపవచ్చు. అయితే సైన్‌వేవ్ ఇన్వర్టరే కావాలి, లేకపోతే మోటారు వేడెక్కుతుంది. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కనుక, చిన్న ఇన్వర్టరు ఆగిపోతుంది. 12 వోల్టుల 150 ఏ.హెచ్. బ్యాటరీలో లెక్కకు 1.8 యూనిట్లు. సగానికి మించి వాడితే బ్యాటరీ త్వరగా చెడిపోతుంది. రోజుకు ఒక యూనిట్ తినే ఫ్రిజ్‌కు అది ఒక రోజుకైనా చాలదు. దానికన్నా కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకుండా ఉండడం మేలు.

ఫ్రిజ్ అసలే లేనివారు సీసాను ప్లాస్టిక్ కవరులో చుట్టి, తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో నీడన ఉంచండి. ఫ్రీజరులో మాత్రం ఎప్పుడూ పెట్టవద్దు. ఒకసారి గడ్డకడితే ఇన్సులిన్ కూడా పనికిరాదు. అనుమానముంటే సీసా పట్టుకొని రండి, మా సిస్టర్లు కోప్పడరు.