ఘాజీ: చరిత్ర, స్మృతి, చిత్రం

విశాఖపట్నం రామకృష్ణా బీచికి వెళ్లిన మన సరిహద్దు గ్రామాల వారిలో కురుసుర జలాంతర్గామిని చూడనివారు అరుదు. 2002 నుండి అది ప్రదర్శనశాలగా ఉంది. దాని ఇరుకు గదులు దాటి బయటకు వచ్చిన పిల్లలు "ఘాజీని ముంచింది ఇదేనా?" అని అడుగుతుంటారు. కాదు. 1971 యుద్ధంలో కురుసుర అరేబియా సముద్రం వైపు విధులు నిర్వహించింది.

ఈ సందేహానికి మూలం 2017లో సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'ఘాజీ' చిత్రం. అందులో ఎస్-21 అనే భారత జలాంతర్గామి సముద్రగర్భంలో ఘాజీతో తలపడుతుంది. అటువంటి పోరు జరిగినట్లు మన నౌకాదళ చరిత్ర చెప్పదు.

జరిగినది వేరు. అమెరికా నుండి పాకిస్తాన్ పొందిన పాత జలాంతర్గామి ఘాజీ. విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడేందుకు 1971 నవంబరులో అది కరాచీ నుండి బయలుదేరి, లంకను చుట్టి బంగాళాఖాతం చేరింది. విక్రాంత్‌ను మనవారు అప్పటికే అండమాన్ వైపు తరలించారు. అది విశాఖ వద్దనే ఉన్నట్లు శత్రువును నమ్మించే పని రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌకకు అప్పగించారు. డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో రేవు నుండి వెలుపలికి వస్తూ, నీటిలో అలజడి కనిపించగా, రాజ్‌పుత్ డెప్త్ చార్జీలు విడిచింది. కొంతసేపటికి పెద్ద పేలుడు తీరం దాకా వినిపించింది. సముద్రంపై తేలుతున్న శకలాల సంగతి నౌకాదళానికి తెలియజేసినవారు మత్స్యకారులు.

ఘాజీ మునుగుటకు కారణం రాజ్‌పుత్ దాడియే అని మన పక్షం, సొంత మందుపాతర పేలడమని పాకిస్తాన్ పక్షం. నాటి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ తన ఆత్మకథలో ఈ వ్యూహమంతా వివరించారు. శత్రువు ఎక్కడ ఉన్నాడో తెలియక నిర్ణయం తీసుకోవలసిన అధికారి మనఃస్థితి అటువంటి రచనలోనే దొరుకుతుంది. అయితే తన వ్యూహాన్ని గురించి తానే వ్రాస్తున్నారన్న సంగతి పాఠకుడు మరువరాదు. చిత్రం మాటకు వస్తే, గాలి చాలని ఉక్కు గొట్టంలో మనుషులు ఎట్లా బ్రతుకుతారో అది చూపగలిగింది. ఆ మేరకు దానిని మెచ్చుకోవలసిందే. తేదీలకు మాత్రం ఆధారం కాదు.

ఈ మూడింటిలోనూ ఆ మత్స్యకారుల కుటుంబాలకు చోటు చిక్కలేదు. ఆ రాత్రులు దీపాలార్పి కూర్చున్న పిల్లలు నేడు తాతలు, అమ్మమ్మలు. ఎవరి ఇంటనైనా అటువంటివారు ఉంటే, సినిమా చూపకముందే వారిని అడిగి వ్రాసుకోవడం మేలు; చూశాక రెండు జ్ఞాపకాలూ కలిసిపోతాయి.

ఘాజీలో ఉన్న 90 మందికి పైగా నావికులలో ఒక్కరూ బ్రతకలేదు. దాని శిథిలం నేటికీ విశాఖ రేవుకు వెలుపల సముద్రగర్భంలోనే ఉంది.